పదో తరగతి తల్లిదండ్రుల మీటింగ్: గంటసేపట్ల ఏం చెప్తే ఇంటికాడ పనికొస్తది?

సోషల్‌సారు_వర్ధన్నపేట:

అందరికీ నమస్కారం. మా హైస్కూల్ల పదిల 46 మంది ఉన్నరు. మేడారం జాతర (2026 జనవరి 28 నుంచి 31) అయిపోయినంక ఫిబ్రవరి మొదటి వారంల తల్లిదండ్రుల మీటింగ్ పెడుతున్నం. దొరికేది గంట. అంతకన్న ఎక్కువ కూర్చోబెట్టుడు న్యాయం కూడ కాదు. మిర్చి ఏరే రోజులు, ఒక పూట ఆగితే ఒక పూట కూలి పోయినట్టే.

ఇసొంటి మీటింగులు ఎట్లుంటయో మీకు తెలువంది కాదు. "పిల్లలను మంచిగ చదివించున్రి, టీవీ బంద్ పెట్టున్రి" అని చెప్తరు, రిజిస్టర్ల సంతకాలు, వేలిముద్రలు, చాయ్, అయిపాయె. వచ్చేటోళ్లల్ల సగం మంది తల్లులకు చదువు రాదు. చదివించున్రి అంటే వాళ్లు ఇంటికి పోయి ఏం చెయ్యాలె? ఆ మాట కాకుంట, చేతులతోని చేసే పని ఏదన్న చెప్పాలని నా ఆలోచన.

ఈసారి తెలంగాణ పదో తరగతి పరీక్షల టైంటేబుల్ కూడ కొత్త తీరు. మార్చి 14న తెలుగుతోని మొదలైతే సోషల్ ఏప్రిల్ 13న. పేపర్‌కు పేపర్‌కు నడుమ మూడు, నాలుగు, ఐదు రోజులు. దీన్ని ఇండ్లల్ల ఎట్ల వాడుకోమని చెప్పాలె? హాల్ టికెట్ల ఏం చూసుకోవాలె, పాస్ మార్కుల లెక్క ఎట్ల అర్థమయ్యేటట్టు చెప్పాలె, పరీక్ష రోజు పొద్దుగాల ఏం చెయ్యాలె? సెంటర్ డ్యూటీలు చేసినోళ్లు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల పట్టిక) చూసేటోళ్లు ఉంటే జర వివరంగ రాయున్రి.

నామినల్‌రోల్_హనుమకొండ:

సార్, మీటింగ్‌లో మొదటి పావుగంట కాగితాలకే ఇవ్వండి. పిల్లవాడి చదువు గురించి కాకుండా పేరు గురించి మొదలుపెడితే అందరూ వింటారు.

ఒక్కో విద్యార్థి వివరాలు అర ఠావు కాగితం మీద ప్రింటు తీసి తల్లి చేతికివ్వండి. చదువు రాని తల్లికి పిల్లవాడే పక్కన కూర్చుని ఒక్కో ముక్క పైకి చదివి వినిపించాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, రెండు పుట్టుమచ్చలు, మీడియం, రెండో భాష. తప్పులు ఎక్కువగా వచ్చేది తల్లి పేరు దగ్గర. ఇంట్లో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి, అడ్మిషన్ రిజిస్టర్‌లో లక్ష్మమ్మ. రిజిస్టర్‌లో ఉన్నదే మెమో (మార్కుల పత్రం) దాకా నడుస్తుంది. తర్వాత ఆధార్‌తో కలవక స్కాలర్‌షిప్ దగ్గర, పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు. పుట్టిన తేదీ మరీ ముఖ్యం. రేపు ఉద్యోగానికైనా పాస్‌పోర్టుకైనా వయసు రుజువుగా ఎక్కువగా చూపించేది పదో తరగతి మెమోనే.

పుట్టుమచ్చల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చూడండి. మోకాలి పైన, కడుపు మీద అని రాసి ఉంటే సెంటర్‌లో ఎవరు చూస్తారు? ముఖం, మెడ, చెయ్యి మీద ఉన్నవే రాయించాలి. ఆడపిల్లల విషయంలో ఇది ముందే సరిచూడకపోతే గేటు దగ్గర ఇబ్బంది.

తప్పు దొరికితే తల్లిదండ్రులు డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. అది హెచ్ఎం (హెడ్‌మాస్టర్) పని. అడ్మిషన్ రిజిస్టర్ నకలు జతచేసి స్కూలు నుంచే పంపాలి. వాళ్లు చెయ్యాల్సింది ఒక్కటే: మీటింగ్‌లో తప్పు చూపించి, ఆ కాగితం మీదే దిద్ది, సంతకం పెట్టి వెళ్లడం. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం నెలల పని.

హాల్ టికెట్ బీఎస్ఈ (పదో తరగతి పరీక్షల బోర్డు) వెబ్‌సైట్‌లో జిల్లా, స్కూలు, పేరు, పుట్టిన తేదీ ఇస్తే నేరుగా వస్తుంది. ప్రైవేటు బడుల తల్లిదండ్రులు కూడా ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది, ఫీజు బాకీ పేరు చెప్పి ఎవరైనా హాల్ టికెట్ ఆపితే భయపడరు. రెండు ప్రింట్లు ముందే తీసుకోమనండి. పరీక్ష వేళల్లో సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్ షాపులు మూయిస్తారు. పొద్దున తొమ్మిదింటికి ప్రింటు కోసం పరుగెత్తితే షట్టరే కనిపిస్తుంది.

లెక్కలపంతులు_పరకాల:

పైన సారు చెప్పింది కరెక్టు. నేను పేపర్ సంగతి చెప్త.

మార్కుల లెక్క బోర్డు మీద పెద్దగ రాయున్రి: 80 పరీక్షకు, 20 బడి నుంచి. ఇంటర్నల్స్ తీసేస్తమని 2024 నవంబర్‌ల ఒకసారి ప్రకటించి మళ్ల ఉంచిన్రు. 2026ల గూడ 80-20 నే. ఇంకా 100 మార్కుల పేపర్ అనుకునే ఇండ్లు ఉన్నయి, అది ముందుగాల తీర్చున్రి. ఆ 20 నాలుగు ఎఫ్ఏల (బడిల ఏడాది పొడుగునా పెట్టే చిన్న పరీక్షల) సగటు. నోట్స్, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అన్నిటికి అండ్ల మార్కులున్నయి. కూలి కోసమని, పెండ్లికని పది రోజులు బడి ఎగ్గొట్టిస్తే పోయేది ముందు ఇవే. పరీక్షల 80కి 28 వస్తేనే పాస్. హిందీకి మాత్రం 16 చాలు. "బడి మార్కులు 20 ఉన్నయిగా, ఇంకో 15 తెచ్చుకుంటే 35 అయితయి" అనుకునే పిల్లలున్నరు. అట్ల కాదు, రాతపరీక్షల 28 రావాల్సిందే.

2025 నుంచి మెమో మీద గ్రేడ్‌తో పాటు మార్కులు గూడ అచ్చు వేస్తున్నరు. బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీదనే ఇస్తరు. "పాస్ అయితే చాలు" అనే తల్లిదండ్రులకు ఈ ఒక్క ముక్క గట్టిగ చెప్పాలె.

ఇగ అసలుది. గణితం పేపర్ ఇట్లుంటది. పార్ట్-ఎ 60 మార్కులు: రెండు మార్కులవి 6, నాలుగు మార్కులవి 6, ఆరు మార్కులవి ఆరిట్ల నాలుగు రాయాలె. పార్ట్-బి 20 బిట్లు, 20 మార్కులు, ఆఖరి అరగంటల ఇస్తరు. అంటే పార్ట్-ఎకు 150 నిమిషాలు. రెండు మార్కులదానికి 4 నిమిషాలు, నాలుగు మార్కులదానికి 8, ఆరు మార్కులదానికి 13 పెట్టుకుంటే మొత్తం 124. మిగిలిన 26ల పేపర్ చదువుడుకు పది, సరిచూసుకునుడుకు పదహారు. టైం సాలలేదు అనే పిల్లలు సాధారణంగ ఏడపోతరంటే, రాని ఆరు మార్కుల లెక్కతోని అరగంట కొట్లాడి, వచ్చిన నాలుగు మార్కులవి ఇడిచిపెడుతరు.

జవాబు పుస్తకం 24 పేజీలు. 2025 నుంచి అడిషనల్ షీట్లు లేవు. ఇది చెప్తే అర్థం కాదు, చూపియ్యాలె. 24 పేజీల నోట్‌బుక్ ఒకటి తీస్కపోయి తల్లుల చేతికియ్యున్రి: "ఇంతే అమ్మా, దీంట్లనే మొత్తం రాయాలె." రెండు మార్కులది అర పేజీ, నాలుగు మార్కులది పేజీ, ఆరు మార్కులది పేజిన్నర. 3, 6, 6 కలిపితే 15 పేజీలు. గణితానికి సరిపోతది. పెద్ద పెద్ద అక్షరాలు, పేజీకి ఎనిమిది లైన్లు రాసే పిల్లలకు తెలుగు, సోషల్ పేపర్లల్ల కష్టమైతది. ఇప్పటి నుంచే పేజీకి 16 నుంచి 18 లైన్లు అలవాటు చేయిస్తే మంచిది.

చదువురాని తల్లి చేసే పని అడిగిన్రు గద. ఆదివారం పొద్దుగాల 9:30కి పిల్లకు పాత పేపర్ ఒకటి, 24 పేజీల పుస్తకం ఒకటి ఇయ్యాలె. పార్ట్-బి కాగితం తల్లి కొంగుకు ముడేసుకుని ఉంచుకోవాలె, 12 గంటలకే ఇయ్యాలె. 12:30కి పెన్ను గుంజుకోవాలె. తర్వాత మార్జిన్ల నంబర్లు లెక్కపెట్టాలె: గణితమైతే 16 ఉండాలె, ఆరు, ఆరు, నాలుగు. పదమూడే ఉంటే మూడు ఇడిచిండన్నట్టు. లెక్క తప్పా ఒప్పా అన్నది మేం చూస్తం. 16 ఉన్నయా లేవా అన్నది ఏ తల్లయినా చూడగలుగుతది.

పార్ట్-బి మీద ఇంకో మాట. బ్రాకెట్ల పెద్ద అక్షరం ఒక్కటే రాయాలె. కొట్టేసి, దిద్ది, దాని మీదనే ఇంకోటి రాస్తే జవాబు కరెక్టైనా మార్కు ఇయ్యరు, పేపర్ మీదనే ఆ సూచన ఉంటది. పిల్లలు "బి"ని "డి"గ మార్చుడు శానా ఉంటది. ముందు పెన్సిల్‌తోని చుక్క పెట్టుకొని ఆలోచించి, ఆఖరుకు పెన్నుతోని ఒక్కసారే రాయాలె.

వెనకపడ్డ పిల్లలకు సమితులు, శ్రేఢులు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, గ్రాఫు, సరూప త్రిభుజం నిర్మాణం పట్టుకోమనున్రి. గ్రాఫుల స్కేలు రాయకపోవుడు, నిర్మాణంల చిత్తుపటం గీయకపోవుడు, ఈ రెండిట్ల ఉత్తగనే మార్కులు పోతయి.

సెంటర్‌డ్యూటీ_కాజీపేట:

పరీక్ష రోజు పొద్దున గురించి.

9:30కి పరీక్ష. ఐదు నిమిషాల వెసులుబాటు ఉంది కానీ ఆ ఐదు నిమిషాలను లెక్కలో వేసుకోకండి. 8:45కల్లా గేటు దగ్గర ఉండేలా ఇంటి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ముందు రోజే, పరీక్షకు వెళ్లే టైముకే ఒకసారి సెంటర్ చూసి రావాలి. మధ్యాహ్నం మూడింటికి చూసి వస్తే లాభం లేదు. పొద్దున తొమ్మిదికి హంటర్ రోడ్డు, ములుగు రోడ్డు ఎలా ఉంటాయో అప్పుడే తెలుస్తుంది. హనుమకొండ, వరంగల్‌లో ఒకేలాంటి పేర్లున్న బడులు ఉన్నాయి, బాలురది ఒకటి, బాలికలది ఒకటి. హాల్ టికెట్ మీద వీధి పేరు చదివి వెళ్లాలి, "పెద్దబడి" అని ఆటోవాడికి చెప్తే వాడికి తెలిసిన పెద్దబడికే తీసుకెళ్తాడు.

ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు కానీ ఆధార్ చూపించాలి. ఫోన్‌లో ఉంది అంటే, ఫోన్ సెంటర్‌లోకి రానివ్వరు. కార్డే పర్సులో పెట్టాలి. ఊరి నుంచి ఆటో మాట్లాడుకునే వాళ్లు ఏడు పేపర్ రోజులకూ ఒకేసారి మాట్లాడుకోవాలి. ఫిజికల్ సైన్స్, బయాలజీ రోజుల్లో పరీక్ష 11 గంటలకే అయిపోతుందని కూడా చెప్పి ఉంచాలి. లేకపోతే ఆటో 12:30కి వస్తుంది, పిల్లలు గంటన్నర ఎండలో.

సంచిలో ఏముండాలి: హాల్ టికెట్, రెండు నీలం లేదా నలుపు పెన్నులు (కొత్తవి కాదు, రెండు రోజులు వాడినవి), పెన్సిల్, స్కేలు, రబ్బరు, గణితం రోజు కాంపాస్, అట్ట, పారదర్శకమైన నీళ్ల సీసా. స్మార్ట్ వాచ్, ఫోన్, చీటీలు లేవని గేటు బయటే తల్లి ఒకసారి జేబులు చూడాలి. కావాలని కాకపోయినా నిన్నటి నోట్స్ కాగితం జేబులో మిగిలిపోతుంది.

లోపల మొదట ఓఎంఆర్ (పిల్లవాడి వివరాల షీటు) ఇస్తారు. పేరు, హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు దాని మీద అచ్చై ఉంటాయి. తనదేనా, ఆ రోజు సబ్జెక్టేనా అని చూసి అప్పుడే సంతకం పెట్టాలి. తేడా ఉంటే నిలబడి ఇన్విజిలేటర్‌కు చెప్పాలి. పిల్లలు ఇక్కడ నోరు తెరవరు, భయం. "సార్, ఇది నాది కాదు" అనే వాక్యం ఇంట్లోనే నాలుగుసార్లు అనిపించండి, నవ్వులాటగానైనా సరే. ప్రశ్నపత్రం చేతికి రాగానే ప్రతి పేజీ మీదా హాల్ టికెట్ నంబరు వెయ్యాలి. 2023లో కమలాపూర్‌లో హిందీ పేపర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగిన సంగతి మన జిల్లాలో అందరికీ తెలిసిందే. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు బయటి నుంచి ఎవరు అడిగినా పేపర్ ఇవ్వకూడదు, వెంటనే ఇన్విజిలేటర్‌ను పిలవాలి. ఇది తల్లిదండ్రులే చెప్పాలి.

జవాబు పుస్తకం లోపల మాత్రం నంబరు, పేరు ఏదీ రాయకూడదు. పై వరసలో ఓం, శ్రీరామ, 786, సిలువ గుర్తు కూడా వద్దు. దండం మనసులో పెట్టుకుంటే చాలు.

హాస్టల్‌వార్డెన్_మానుకోట:

లెక్కల సారు చెప్పిన ఆదివారం పరీక్ష మంచి ఉపాయం. ఒక్క సవరణ. పన్నెండు దాటి పెన్ను గుంజుకున్నాక అప్పుడే "ఎన్ని తప్పులు" అని లెక్క తీయొద్దు. అన్నం పెట్టి, పడుకోనిచ్చి, సాయంత్రం చూడాలి. అలా కాకపోతే మూడో ఆదివారం పిల్ల కూర్చోదు.

ఈ టైంటేబుల్ గ్యాపుల మీద నాకు కొంచెం అనుమానమే. 2025లో మార్చి 21న తెలుగు, 22న హిందీ, ఏప్రిల్ 2కల్లా సోషల్ అయిపోయింది. ఊపిరాడలేదు కానీ ఇంట్లో అందరికీ పరీక్షల వేడి తెలిసేది. ఇప్పుడు నెల రోజులు. నడుమ ఉగాది, రంజాన్, శ్రీరామనవమి. హిందీ అయిన మర్నాడే ఉగాది. ఇంగ్లిష్ 23న, గణితం 28న. నాలుగు రోజులు ఖాళీగా ఉంది కదా అని మిర్చి కల్లానికి, మేనమామ ఇంటికి తీసుకుపోతారు. మీటింగ్‌లో ఇది బేరం ఆడినట్టు మాట్లాడండి: పేపర్ అయిన రోజు సాయంత్రం పిల్ల మీది, పండుగ పూట మీది, మిగతా రోజులు పుస్తకానివి. ఏ పనీ చెప్పొద్దంటే ఒప్పుకున్నట్టు తలూపి వెళ్లిపోతారు. ఎంత చెప్పొచ్చో చెప్తే మాట మీద ఉంటారు.

తెల్లవారుజామున నాలుగింటికి లేపడం పెద్ద గొప్పగా చెప్పుకుంటారు. రాత్రి పదకొండుకు పడుకున్న పిల్లను నాలుగింటికి లేపితే పుస్తకం ముందు తూగుతుంది, అంతే. తొమ్మిదిన్నరకు పడుకుంటే ఐదింటికి లేపండి. పరీక్ష పొద్దున ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం, రోజూ తినేదే. పరీక్ష కదా అని కొత్తగా పూరీ, చికెన్ వద్దు. మార్చి ఎండకు మధ్యాహ్నం వచ్చాక మజ్జిగ.

టీవీ బంద్ అన్నారు. టీ-శాట్ విద్య ఛానల్‌లో పదో తరగతి పాఠాలు వస్తాయి, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. కాబట్టి బంద్ కాదు, ఏ టైములో ఎవరి చేతిలో అన్నది చెప్పాలి. ఫోన్ రాత్రి తల్లి దిండు కింద ఉండాలి. ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ) వాళ్ల అభ్యాస దీపికలు పిల్లల దగ్గర ఉన్నాయా అని కూడా అడగండి. బయట గైడ్లు కొనక్కర్లేదు.

ఇంకొకటి. "మా ఊరి బడిలో ఏమొస్తుంది" అనే తండ్రులు మీటింగ్‌కి తప్పక వస్తారు. 2024లో రాష్ట్రంలో మొదటి స్థానం నిర్మల్‌ది, 99.05 శాతం. 2025లో మా మహబూబాబాద్‌ది, 99.29. రెండూ పెద్ద కోచింగుల పట్నాలేం కావు. ఆ అంకెలు బోర్డు మీద రాసి ఊరుకోండి.

సోషల్‌సారు_వర్ధన్నపేట:

శానా పనికొచ్చినయి, అందరికి థాంక్స్. కొంగుముడి ఉపాయం మా తల్లులకు బాగ నచ్చుతది. రెండు ముచ్చట్లు మిగిలినయి. ఒక పిలగానికి చూపు బాగ తక్కువ, సదరం (వైకల్యం ఉన్నదని ఇచ్చే) సర్టిఫికెట్ ఉన్నది. స్క్రైబ్‌ను (పిలగాడు చెప్తే రాసేటోళ్లను) అడగాలంటే తల్లిదండ్రులకు ఏం చెప్పాలె? రెండోది, ఫెయిలైతే ఏంది అనేది ఇప్పుడే చెప్పాల్నా? అశుభం మాట్లాడినట్టు అనుకుంటరేమో.

నామినల్‌రోల్_హనుమకొండ:

స్క్రైబ్ విషయం ఇవాళే మొదలుపెట్టండి, మీటింగ్ దాకా ఆగొద్దు. అదనపు సమయం, స్క్రైబ్ రెండూ సదరం సర్టిఫికెట్ జతచేసి హెచ్ఎం ద్వారా డీఈఓ అనుమతి తీసుకోవాల్సినవి. పరీక్ష రోజు సెంటర్‌లో అడిగితే చీఫ్ సూపరింటెండెంట్ చేతిలో ఏమీ ఉండదు. రాసేవాళ్లు తొమ్మిదో తరగతి లేదా అంతకన్నా కింది తరగతి పిల్లలై ఉండాలి. వాళ్ల తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే తీసుకోండి, నెల రోజుల పేపర్లన్నిటికీ రావాలి కదా. దొరికాక ఇద్దరినీ కూర్చోబెట్టి కనీసం రెండు పాత పేపర్లు రాయించండి. జవాబు తెలిసినా చెప్పి రాయించడం వేరే విద్య. "వర్గమూలం కింద", "కొత్త లైను" లాంటి మాటలు ఇద్దరికీ ఒకేలా అర్థం కావాలి. గణితంలో పటాలు, గ్రాఫు ఎలా చెప్పి గీయించాలో విడిగా సాధన చేయించాలి.

ఫెయిల్ సంగతి చెప్పండి, కానీ అందరి ముందు రెండు వాక్యాలే. జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, పాసైతే ఆ ఏడే ఇంటర్‌లో చేరొచ్చు. 2025లో ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి, సప్లిమెంటరీ జూన్ 3న మొదలైంది. మధ్యలో నెల మాత్రమే. ఆ నెలలో మొదటి వారం ఏడుపుల్లో, తిట్లలో పోతే మిగిలేది మూడు వారాలు. ఇది వినగానే ఎవరూ అశుభం అనరు.

మిగతాది ఒక చీటీ మీద రాసి చేతికివ్వండి. రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో సహా రీవెరిఫికేషన్‌కు 1,000. ఫలితాలు వచ్చిన 15 రోజుల్లో కట్టాలి. రీవెరిఫికేషన్‌కు కట్టినవాళ్లు రీకౌంటింగ్‌కు మళ్లీ కట్టక్కర్లేదు. అయితే రీకౌంటింగ్‌లో పాసవుతాడేమో చూద్దామని సప్లిమెంటరీ ఫీజు ఆపకూడదు. రీకౌంటింగ్ ఫలితం వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. రెండూ కట్టాల్సిందే. ఆ చీటీ మీద మీ స్కూల్లో ఫీజు తీసుకునే సారు పేరు, ఎండాకాలం సెలవుల్లో ఆయన బడిలో ఉండే రోజులు కూడా రాయండి. ఫలితాలు వచ్చేనాటికి బడికి తాళం ఉంటుంది, తల్లిదండ్రులు ఎవరిని అడగాలో తెలియక గేటు దాకా వచ్చి తిరిగిపోతారు.